రాహుకాలంలో అతికిన ఇరుసు

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి ఆగితే నా ముందు ఒక పాత పికప్ నిలబడి ఉంది. వెనక గడ్డి మోపులు. స్కూటర్ మీద కూర్చునే మెడ వంచి దాని వెనక చక్రాల మధ్యకి చూశాను. జుట్టు నెరిసిన మనిషి నడిరోడ్డు మీద బండ్ల కిందికి తొంగిచూస్తే వింతగానే ఉంటుంది. పక్కనున్న ఆటో అతను "ఏం పడిపోయింది సార్?" అనడిగాడు. ఏం లేదన్నాను. ఆ పికప్ ఇరుసు దాని సొంత ఇరుసే. ఎక్కడా కోసి అతికిన మచ్చ లేదు. మా అక్క బండి కాదు.

అక్క ఆ బండి అమ్మేసి ఏడాది దాటింది. మోకాళ్ళు క్లచ్ తొక్కనివ్వడం లేదని తనే బేరం పెట్టి తనే అమ్మింది. కొన్నవాళ్ళు ఏలూరు వైపు తీసుకుపోయారని విన్నాను. అయినా ఈ రోడ్ల మీద ముసలి పికప్ కనిపిస్తే నా చూపు దాని కిందికే పోతుంది. రాయిలో, నీటిలో, గ్రహాల్లో మహిమ లేదని ఏళ్ళ తరబడి వేదికలెక్కి అరిచినవాణ్ణి. ఇప్పుడు ఒక ఇనప ఇరుసు కోసం వెతుక్కుంటున్నానంటే నా పాత ప్రత్యర్థులు సంబరపడతారు. పడనివ్వండి. ఇది మహిమ కాదు, మమకారం. ఈ రెంటికీ ఉన్న తేడా నాకు బాగా తెలుసు.

బావది పామర్రు పక్కన చిన్న ఊరు. కాస్త మాగాణి, దానికి తోడు అరటి వ్యాపారం. సాయంత్రాలు కరకట్ట వెంబడి లంక ఊళ్ళకి పోయి తోటల్లో గెలలు కొట్టించి పికప్‌కి ఎత్తించేవాడు. తెల్లవారకముందే బయల్దేరి బెజవాడ మార్కెట్లో దించేవాడు. పక్క సీట్లో అక్క. స్టీరింగ్ బావది, బేరం అక్కది. నేను భవానీపురంలో ఉంటాను కాబట్టి గెలలు దించాక ఇద్దరూ మా ఇంటికొచ్చి ఇడ్లీలు తినిపోయేవాళ్ళు. బావ చొక్కాకి అరటి జిగురు మచ్చలు. ఏ సబ్బుకీ పోయేవి కావు.

ఒక ఏడు కోతలైపోయాక, ఎండిన చేలో, బావ అక్క చేతికి స్టీరింగ్ ఇచ్చాడు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. వరి మోళ్ళ మీద బండి ఎగిరెగిరి పడుతోంది. బావ పక్కన పరిగెడుతూ "క్లచ్చు! క్లచ్చు! అది బ్రేకే తల్లీ!" అని అరుస్తున్నాడు. అక్క గట్టు దాకా పోయి ఆపి, దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "నువ్వరవకపోతే నాకొచ్చేస్తుంది" అంది. మర్నాడు బావ నోట్లో తుండుగుడ్డ కుక్కుకుని పరిగెత్తాడు. నిజంగానే వచ్చేసింది. ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఎండిన గడ్డి వాసన తగులుతుంది.

వాళ్ళ పెళ్ళి గురించి కూడా చెప్పాలి. మా నాన్న సంస్కరణ సభల మనిషి. అక్క పెళ్ళికి పురోహితుణ్ణి పిలవలేదు గానీ పంచాంగం మాత్రం తెప్పించాడు. రాహుకాలం ఎప్పుడో చూసుకోవడానికి. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా అని రూఢి చేసుకుని, సరిగ్గా ఆ మధ్యలోనే పెళ్ళి పెట్టాడు. మైకులో ఉపన్యాసాలు, తర్వాత రెండు దండలు, తర్వాత భోజనాలు. నేనప్పుడు కుర్రవాణ్ణి, కరపత్రాలు పంచాను. వచ్చినవాళ్ళు కరపత్రాల మీద చేతులు తుడుచుకుని, భోజనం బాగుంది గానీ పెళ్ళే పెళ్ళిలా లేదన్నారు. అక్క ఏమన్నదో నాకు గుర్తు లేదు. అసలు ఎవరూ అడిగినట్టు లేదు.

ముప్పై ఏళ్ళు దాటిన కాపురం. తర్వాత బావ గుండె ఆగిపోయింది. పరామర్శకి వచ్చిన జనం మధ్యలో, బావకి చిన్నాన్న వరసయ్యే పెద్దాయన, అంటే అక్కకి మావయ్య, అరుగు మీద కూర్చుని "రాహుకాలంలో జరిగిన పెళ్ళి మరి, ఎన్నాళ్ళు నిలబడుద్ది?" అన్నాడు. ముప్పై ఏళ్ళు నిలబడింది కదయ్యా! అదే వీధిలో దివ్యమైన ముహూర్తాల్లో తాళి కట్టించుకుని అయిదేళ్ళకే భర్తని పోగొట్టుకున్నవాళ్ళున్నారు. వాళ్ళ ముహూర్తాన్ని ఎవడూ తప్పు పట్టడు. లెక్క తప్పినప్పుడు కర్మ అంటారు, కుదిరినప్పుడు శాస్త్రం అంటారు. ఈ మాటలన్నీ ఆ రోజే ఆయన ముఖం మీద అనేవాణ్ణి. అక్క నా చెయ్యి పట్టుకుని, "ఇవాళ వద్దురా" అంది. ఆగిపోయాను.

అక్క బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. నెల తిరక్కుండా బండి తాళాలు చేతిలోకి తీసుకుంది. స్టీరింగూ బేరమూ రెండూ ఇక తనవే. అది చూసి నేనెంత గర్వపడ్డానో! రెండు సభల్లో పేరు చెప్పకుండా ఆవిణ్ణి ఉదాహరణగా కూడా చెప్పాను.

నాకు తెలియనిది ఒకటుంది. అది ఆటోనగర్‌లో తెలిసింది.

ఒక ఉదయం కంకిపాడు దగ్గర్నుంచి ఫోన్. "బండి కింద ఏదో విరిగిందిరా. ఇంజన్ తిరుగుతోంది గానీ చక్రం కదలట్లేదు" అంది అక్క. గెలలు వేరే బండికెక్కించి పంపి, పికప్‌ని తాడు కట్టి ఆటోనగర్‌కి లాగించాం. బావ ఎప్పుడూ వెళ్ళే షెడ్డుకే తీసుకెళ్ళాం. అక్కడి మేస్త్రీని అందరూ భాయ్ అంటారు. బొద్దుగా, నెరిసిన గడ్డంతో, నోట్లో ఎప్పుడూ ఒక సోంపు గింజ. బావకి ఆయన మేస్త్రీ కంటే ఎక్కువ. ఇద్దరూ టీ తాగుతూ గంటలు గంటలు పోట్లాడుకునేవాళ్ళు, ఎక్కువగా క్రికెట్ మీద.

భాయ్ బండి కిందికి దూరి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక చేతులు తుడుచుకుంటూ, "లోపల క్రౌన్ పళ్ళు పిండైపోయినాయమ్మా. హౌసింగే చీలింది. రోజూ తారు రోడ్డు మీద పోయే బండి ఇట్టా చీలదే! ఏ గుంతలో ఏశారు?" అనడిగాడు. వెనక ఇరుసుని చుట్టి ఉండే ఇనప తొడుగుని వాళ్ళు హౌసింగ్ అంటారు.

అక్క మెల్లగా, "ఊళ్ళోంచి రావట్లేదు భాయ్. కాలవ గట్టు మీదుగా తిప్పుకొస్తన్నా" అంది.

"అదెందుకక్కా?" అన్నాను. ఆ గట్టు దారి నాకు తెలుసు. సైకిలు మీద పోయినా పళ్ళు కదిలే దారి.

అప్పుడు చెప్పింది. తెల్లవారుజామున ఆవిడ బండి వీధి మలుపు తిరిగేసరికి ఆ అరుగు మావయ్య పొలానికో పామర్రుకో బయల్దేరుతుంటాడు. బండి లైట్లు చూడగానే చెప్పులు విడిచి వెనక్కి తిరిగి, అరుగెక్కి కూర్చుని, లోపలికి వినపడేలా "గ్లాసుడు మంచినీళ్ళు తేండే" అని కేకేస్తాడు. విధవ ఎదురైతే ఇంటికి తిరిగొచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. ఆ దోషం అలా పోతుందట. మొదట్లో అక్క గమనించలేదు. గమనించాక కూడా ఊరుకుంది. తర్వాత ఆయన పక్కింటావిడతో కబురు పెట్టాడు: పెద్దవాణ్ణి, రోజూ ఇట్టా నీళ్ళు తాగలేకపోతున్నాను, కాస్త ఆ బండి గట్టు మీదుగా తిప్పుకుని పొమ్మను అని. అక్క తిప్పుకుంది. గెలల బరువుతో ఆ గుంతల్లో నెలల తరబడి నడిచిన బండికి ఇరుసు చీలింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ ఎదురైతే అశుభం. ఆవిడ కొట్టించి, ఎత్తించి, తన చేతుల్తో దించిన గెల పెళ్ళి పందిరికి కడితే శుభం! గుడికి పోయినా శుభమే! పండుకి అంటని దోషం పళ్ళ బండికి అంటిందా? షెడ్డు మధ్యలో నిలబడి నేనీ మాటలు గట్టిగానే అన్నట్టున్నాను. అటు పక్క టైర్ల కొట్టు అతను కూడా వచ్చి నిలబడ్డాడు.

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే మైకు పట్టుకొస్తావుగా" అంది అక్క.

భాయ్ నవ్వు ఆపుకోవడానికి సోంపు గింజ నమిలాడు. తర్వాత పనిలోకి వచ్చాడు. ఆ పాత పికప్‌కి కొత్త హౌసింగ్ దొరకదు, దొరికినా బండి ధర దానికే సరిపోతుంది. వెనక వరసలో పాత సామాన్ల కొట్టుకి ఒక ఎస్‌యూవీ వచ్చింది, ముందు భాగం నుజ్జయింది గానీ వెనక ఇరుసు పువ్వులా ఉంది అన్నాడు. రెండూ ఒకే కంపెనీ బండ్లు, వెడల్పు ఇంచుమించు సరిపోతుంది. తేడా ఎక్కడంటే ఎస్‌యూవీ గుండ్రటి స్ప్రింగుల మీద కూర్చుంటుంది, పికప్ కమాన్ కట్టల మీద, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల మీద. కాబట్టి ఎస్‌యూవీ ఇరుసుకున్న పాత బ్రాకెట్లు కోసేసి, కమాన్ కట్టలు ఆనడానికి రెండు ఇనప పీటలు కొత్తగా అతకాలి.

"నడుస్తదా భాయ్?" అంది అక్క.

"కార్ల ఇరుసు కదమ్మా, ఉరుకుడెక్కువ, లాగుడు తక్కువ. లోడు కాస్త తగ్గించుకోవాల. నడుస్తది."

అక్క చాలాసేపు ఆ చీలిన ఇనుము వంకే చూసింది. "నడిస్తే నడుపుతా. లేకపోతే ఇక్కడే కోసి అమ్మెయ్యండి భాయ్. ఇంట్లో కూర్చుంటా. ఎవరికీ ఎదురూ రాను, అడ్డూ రాను" అంది. మాట మామూలుగానే ఉంది. చెంగుతో ముఖం తుడుచుకున్న తీరే మామూలుగా లేదు. ఆ చేలో స్టీరింగ్ పట్టుకుని నడుం మీద చెయ్యి పెట్టుకున్న మనిషేనా ఈవిడ అనిపించింది.

గురువారం సాయంత్రానికి పాత ఇరుసు కిందికి దిగింది. శుక్రవారం ఉదయం నేనూ అక్కా వెళ్ళేసరికి ఎస్‌యూవీ ఇరుసు రెండు ఖాళీ డ్రమ్ముల మీద అడ్డంగా పడుకుని ఉంది. బ్రాకెట్లు కోసే పని అయిపోయింది. "టీ తాగండి సార్. ఇవాళ జుమ్మా. నమాజుకి పోయొచ్చి నిదానంగా పీటలు అతుకుతా" అన్నాడు భాయ్.

"అదీ మంచిదే, పన్నెండు దాటాక మొదలుపెట్టుకోవచ్చు" అంది అక్క.

ఆ మాట నా చెవిన పడింది. గోడ గడియారం చూస్తే పదిన్నర కావస్తోంది. "పన్నెండు దాకా ఎందుకక్కా? రాహుకాలమనా?"

"కాదురా బాబూ, ఆయనకి నమాజుందనీ..."

"నమాజుకి ఇంకా రెండు గంటలుంది. భాయ్, ఇప్పుడే అతకండి. సరిగ్గా పదిన్నరకి మొదలవ్వాలి."

అక్క కుర్చీలోంచి లేచింది. "ఒరే, నాన్న పంతానికి నా పెళ్ళి అయిపోయింది. ఇప్పుడు నీ పంతానికి నా బండా? మీ ఇద్దరికీ ప్రతిసారీ నేనే దొరుకుతానేం రా?"

ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. ఉంది కాబట్టి చెప్పాను. ఎవరో ఒకరి పెళ్ళితో, ఎవరో ఒకరి బండితో మొదలవకపోతే ఈ భయం ఎప్పటికీ పోదన్నాను. ఆ మావయ్య నీళ్ళ గ్లాసుకి మనం ఇచ్చే సమాధానం ఇదేనన్నాను. అక్క "సరే కానియ్" అని చెయ్యి ఊపి మళ్ళీ కూర్చుంది. ఒప్పుకుందనుకున్నాను. విసిగిందని ఇప్పుడనిపిస్తుంది.

భాయ్ వెల్డింగ్ అద్దం ముఖానికి పెట్టుకున్నాడు. నమాజు లోపల అయిపోవాలని ఆయన తొందర. రాహుకాలం లోపల అయిపోవాలని నా తొందర. ఆయన చేతులు పనిలో ఉన్నాయి, నేను మాటల్లో ఉన్నాను. షెడ్డు గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతుంటే అదేమిటి భాయ్ అనడిగాను.

"నాది కాదు సార్. శనివారం శనివారం పూల కొట్టతను వచ్చి కట్టిపోతాడు. మా ఇంట్లో చూస్తే చంపేస్తారు. అది లేకపోతే కస్టమర్ లోపలికి రాడే!"

"అంటే మీరు నమ్మరు, మీ కస్టమర్ల నమ్మకాన్ని మీరు మోస్తారు. అసలు ఈ దేశంలో జరుగుతున్నదంతా ఇదే భాయ్..." అని మొదలుపెట్టాను. నేను మొదలుపెడితే ఎంతసేపు పడుతుందో నన్ను విన్నవాళ్ళకి తెలుసు. భాయ్ మధ్యమధ్య అద్దం ఎత్తి "అవును సార్", "నిజమే సార్" అంటున్నాడు. మళ్ళీ దించుకుంటున్నాడు. నీలం వెలుగు, నిప్పురవ్వలు, కాలిన ఇనుము వాసన. పన్నెండు కొట్టేలోపు పీటలు రెండూ అతికి, ఆయన స్నానానికి పరిగెత్తాడు.

నమాజు నుంచి వచ్చాక ఇరుసుని బండి కిందికి దొర్లించి, జాకీలతో ఎత్తి, కమాన్ కట్టలకి బిగించాడు. నూనె పోసే బిరడా దగ్గర ఒకసారి ఆగి, "ఇదేంది ఇట్టా కిందికుంది? కార్లకి ఇట్టానే ఉంటదేమో" అని తనలో తనే అనుకున్నాడు. బ్రేకు గొట్టాలు కలిపాడు, చక్రాలు బిగించాడు. సాయంత్రం నాలుగు దాటాక, "ఎక్కండమ్మా" అన్నాడు.

అక్క ఎక్కింది. చెంగు దోపుకుంది. ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. ఆవిడ గేరు వేసి క్లచ్ వదిలింది.

బండి వెనక్కి పోయింది. వెళ్ళి టైర్ల కొట్టు అతని నీళ్ళ డ్రమ్ముని గుద్దింది.

"అక్కా, రివర్సు వేశావు!" అని అరిచాను.

"ఫస్టే ఏశాను రా!"

"ఫస్ట్ అయితే వెనక్కెందుకు పోతుంది?"

"నన్నడుగుతావేంటి? నువ్వే కదా దగ్గరుండి చేయించావు!"

భాయ్ ఆవిణ్ణి దింపి తనెక్కాడు. ఫస్ట్ వేశాడు. బండి మళ్ళీ వెనక్కే. సెకండ్ వేశాడు. ఇంకాస్త జోరుగా వెనక్కి. చివరికి రివర్సు వేస్తే బండి బుద్ధిగా ముందుకి నడిచింది. దిగి, నేల మీద బోర్లా పడుకుని కిందికి చూసి, రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "యా అల్లా! తలకిందులుగా అతికినా."

డ్రమ్ముల మీద ఇరుసు తిరగబడి పడుకుని ఉంది. రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. పైకి ఉన్న వైపు పై వైపే అనుకుని పీటలు అతికేశాడు. ఇంజన్ నుంచి వచ్చే కడ్డీ ఇరుసు మధ్యనున్న పళ్ళ చక్రాన్ని, అంటే క్రౌన్‌ని తిప్పుతుంది. ఇరుసు తలకిందులైతే ఆ పళ్ళ చక్రం ఎడమ నుంచి కుడికి మారిపోతుంది. ఇంజన్ ముందుకి పొమ్మంటుంది, చక్రాలు వెనక్కి తిరుగుతాయి. జరిగింది ఇదే. ఇందులో గ్రహాల ప్రమేయం రవ్వంత కూడా లేదు.

అయితే అప్పటికే చుట్టూ జనం చేరారు. టైర్ల కొట్టు అతను తడిసిన లుంగీ పిండుకుంటూ, "ఊరికే అంటారా సార్, రాహుకాలంలో ముట్టుకోగూడదని!" అన్నాడు. నేనూరుకుంటానా? రాహువుకి క్రౌన్ ఎటుండాలో తెలుసా అనడిగాను. బ్రాకెట్లు రాహుకాలానికి ముందే కోశారు, బిగించింది రాహుకాలం పోయాక, మరి దోషం పీటలకే అంటి బోల్టులకి అంటలేదా అనడిగాను. చెయ్యి తొందరపడితే ముహూర్తమేం చేస్తుంది అన్నాను.

"రాహువూ కాదు, తొందరా కాదు" అన్నాడు భాయ్ నిదానంగా. "మీ ఉపన్యాసం సార్. చెవి అటేసి చెయ్యి ఇటేసినా."

అందరూ నవ్వారు. ఈ ఆరోపణని నేను ఈ రోజుకీ ఒప్పుకోను. వినమని నేనేం బలవంతం చెయ్యలేదు.

అక్క మాత్రం నవ్వలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఉండనీండి భాయ్. ఇదే నాకు సరైన బండి. వెనక్కి వెనక్కి పోతుంటే ఊళ్ళో ఎవరికీ ఎదురు రాను. నా వీపే కనపడుద్ది" అంది.

టైర్ల కొట్టు అతను తల దించుకున్నాడు.

కాసేపటికి అక్కే అడిగింది. "మళ్ళీ కోసి అతికితే ఇనుము ఆగుద్దా?"

"ఇంకొక్కసారికి ఆగుద్దమ్మా. మూడోసారికి మాత్రం నేను చెయ్యి పెట్టను."

"అయితే రేపు తిప్పి పెట్టండి. ముందుకు నడిస్తే తీసుకుపోతా. తేడా వస్తే ఇక నన్ను అడగొద్దు, అమ్మెయ్యండి."

శనివారం రాహుకాలం తొమ్మిదికి మొదలవుతుంది. నేనా సంగతి ఎత్తబోతూ నోరు తెరిచాను. అక్క నా వైపు తిరిగింది. "నువ్వు రేపు రావద్దు. భవానీపురంలో కూర్చుని వ్యాసం రాసుకో."

రాసుకున్నాను. శకునాల మీదే. రెండు పేజీలు రాసి చించేశాను. కిటికీలోంచి కనిపించే కృష్ణ పాయని చూస్తూ కూర్చున్నాను. చేలో పరిగెత్తే బావ గుర్తొచ్చాడు. నోట్లో తుండుగుడ్డ కుక్కుకున్న బావ. ఆయన నాతో ఒక్క వాదనలో కూడా గెలవలేదు. గెలవాలని చూడలేదు కూడా. అరవకపోతే వచ్చేస్తుందని పెళ్ళాం అంటే అరవడం మానేశాడు, అంతే. ఫోన్ మోగలేదు. తొమ్మిది దాటింది. పదిన్నర దాటింది. నా మనసులో ఒక పిచ్చి కోరిక: రాహుకాలంలోనే నడవాలి, నడిచిందని నేను చెప్పుకోవాలి. బండి నడవాలన్నదే అసలు కోరిక అయ్యుండాలి కదా!

మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటుండగా ఫోన్ వచ్చింది.

"ముందుకే పోయిందిరా" అంది అక్క. వెనక ఇంజన్ మోత వినిపిస్తోంది.

"ఎన్నింటికి బిగించాడు?"

"గడియారం చూళ్ళేదు."

"కనీసం..."

"చూళ్ళేదన్నానుగా. బండి చూశాను."

అర్ధగంటలో మా వీధి చివర హారన్. ఆవిడే. కిటికీలోంచి తల బయటపెట్టి, "వస్తావా ఊరికి? ఒక్కదాన్నే పోవాలంటే కింద ఏదైనా చప్పుడైతే ఎవరు దిగి చూస్తారు?" అంది. బెంజ్ సర్కిల్ దాటి, కంకిపాడు దాటి, ఉయ్యూరు దాటి, రెండు పక్కలా పచ్చటి చేల మధ్య నుంచి పోయాం. దారి పొడుగునా నేను కింద చప్పుడు కోసం చెవి పెట్టుకుని కూర్చున్నాను. చప్పుడు లేదు. ఎస్‌యూవీ ఇరుసు కదా, బండి కాస్త తేలిగ్గా పరుగెడుతోంది. "మీ బావ ఉంటే దీన్ని కారు కారు అని ఊరంతా చెప్పుకునేవాడు" అంది అక్క. కాస్త దూరం పోయాక మళ్ళీ, "నాన్న చేసిన పెళ్ళి గురించి నేనెప్పుడూ బాధపడలేదురా. పెళ్ళి కొడుకు బాగున్నాడు. ఆ మైకే కాస్త ఎక్కువైంది" అంది. అక్క నాతో ఆ పెళ్ళి గురించి నిదానంగా మాట్లాడటం అదే మొదటిసారి.

ఆదివారం సాయంత్రం కరకట్ట ఊళ్ళకి పోయి గెలలు ఎక్కించాం. లోడు తగ్గించమన్నాడు కాబట్టి పై వరస వదిలేసింది. సోమవారం తెల్లవారుజామున, చీకటి పలచబడుతుండగా, బండి తీసింది. నేను పక్క సీట్లో బావ చోట... కాదు, అది ఎప్పుడూ అక్క చోటే. వీధి చివరికి వచ్చేసరికి దారి రెండుగా చీలుతుంది. ఎడమకి తిరిగితే కాలవ గట్టు. తిన్నగా పోతే ఆ అరుగు, ఆ తర్వాత తారు రోడ్డు.

నేను ఏమీ అనలేదు. పళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాను. నాకది ఎంత కష్టమో రాయలేను.

అక్క తిన్నగా పోనిచ్చింది.

మలుపు దాటగానే లైట్ల వెలుగులో ఆయన. తెల్ల పంచె, చంకలో గొడుగు, చేతిలో సంచి. మమ్మల్ని చూశాడు. ఆగాడు. చెప్పులు విడిచి, వెనక్కి తిరిగి, అరుగెక్కి కూర్చుని, "గ్లాసుడు మంచినీళ్ళు తేండే" అని లోపలికి కేకేశాడు.

అక్క బండి ఆపింది. సరిగ్గా ఆ ఇంటి ముందే. ఇంజన్ కూడా ఆపేసింది.

లోపలి నుంచి ఆయన భార్య గ్లాసు తెచ్చింది. ఆయన తాగాడు. గ్లాసు కింద పెట్టి వీధిలోకి చూశాడు. బండి అక్కడే ఉంది.

"తాగడం అయిందా మావయ్యగారూ?" అంది అక్క, ఎంతో మర్యాదగా, కిటికీ మీద మోచెయ్యి ఆనించి. "ఇప్పుడు బయల్దేరండి. నేనిక్కడే ఉన్నా."

"నువ్వు పోరాదా అమ్మా, దారికడ్డంగా..."

"మీరు నాకెదురైతే నాకు దోషం లేదండీ. నిదానంగా రండి. మళ్ళీ తాగాలంటే తాగండి, మాకు తొందరేం లేదు."

ఆయన కాసేపు అరుగు మీదే కూర్చున్నాడు. లోపలికెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. బండి అక్కడే ఉంది. ఎవరో పాల క్యాను సైకిలాయన ఆగి, "ఏందక్కా, ఆగిపోయిందా?" అనడిగాడు. "లేదబ్బాయ్, ఆపాను" అంది అక్క. మావయ్య భార్య గుమ్మంలో నిలబడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో చీకట్లో తెలియలేదు. "కాలవ నీళ్ళు ఇవాళ్టితో ఆపేస్తారంట, పొలానికి పోకపోతే ఎట్టా?" అంది చివరికి, ఆయనతోనే.

ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. అరుగు దిగాడు. తల కాలవ వైపు తిప్పుకుని, గొడుగు మా వైపు అడ్డంగా పట్టుకుని, బండి పక్క నుంచి నడిచిపోయాడు.

అక్క తాళం తిప్పింది. గేరు వేసే ముందు ఒక్క క్షణం ఆగి, గేరు కర్ర వైపు చూసుకుని, నా వైపు చూసింది.

"ఫస్టే ఏశాను కదరా?" అంది.